దండ వేయకముందే ఒక మాట

మన ఇళ్లల్లో ఒక అలవాటుంది, గమనించారా? ఇల్లాలు పోయిన నెలకో రెండు నెలలకో హాల్లో గోడ మీదికి ఆమె ఫొటో వస్తుంది. ఏ పెళ్లిలోనో తీసిన గుంపు ఫొటోలోంచి ఆమె ఒక్కదాన్నే వేరు చేయించి, పెద్దది చేయించి, ఫ్రేము కట్టిస్తారు. గంధపు చెక్కల దండ వేస్తారు. కింద చిన్న ఎర్రబల్బు వెలిగిస్తారు. వచ్చినవాళ్లకు చూపించి, "మహాతల్లి! ఎంతమందికి అన్నం పెట్టిందో, ఎంతమందికి సాయం చేసిందో" అంటారు.

ఆ మాట ఆమె బతికుండగా ఆమెతో ఎవరైనా అన్నారా? మీ ఇంట్లో అన్నారా? మా ఇంట్లో అనలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా అత్తగారి మజ్జిగ కుండ

మా అత్తవారిది నెల్లూరు జిల్లాలో సముద్రానికి దగ్గర పల్లె. ఎండాకాలం పొద్దున తొమ్మిది గంటలకల్లా ఒడ్డు నుంచి చేపల తట్టలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు మా వీధి మీదుగా వచ్చేవాళ్లు. వాళ్ల కోసం మా అత్తగారు వాకిట్లో వేపచెట్టు కింద ఇసుక పోసి, దాని మీద రెండు కుండలు పెట్టేవారు. ఒకదాంట్లో మంచినీళ్లు, ఇంకోదాంట్లో మజ్జిగ. శివరాత్రి దాటితే మొదలు, మృగశిర కార్తె వచ్చేదాకా ఒక్కరోజు కూడా తప్పేది కాదు.

ఆ మజ్జిగ ఎలా చేసేవారో కూడా చెబుతాను, మీకు పనికొస్తుంది. లీటరు పెరుగుకు నాలుగు లీటర్ల నీళ్లు. పెరుగును ముందు గట్టిగా చిలికి, తర్వాత నీళ్లు కలపాలి. రెండంగుళాల అల్లం, మూడు పచ్చిమిరపకాయలు, గుప్పెడు కరివేపాకు కచ్చాపచ్చాగా దంచి, పలుచని గుడ్డలో మూటకట్టి కుండలో వేయాలి. పొడి కలిపేస్తే గొంతుకు అడ్డం పడుతుంది. ఉప్పు కాస్త ఎక్కువే ఉండాలి, ఎండలో నడిచి వచ్చేవాళ్లకు కదా! నాలుగు నిమ్మాకులు చిదిమి వేస్తే వాసన బాగుంటుంది. కుండకు తడిగుడ్డ చుట్టి, మధ్యాహ్నం ఒకసారి గుడ్డ తడపడం మరిచిపోకూడదు.

ఆమె పనులు మజ్జిగతో ఆగేవి కావు. ఊళ్లో ఎవరికైనా నొప్పులు మొదలైతే బండి కట్టించి ఆస్పత్రికి వెంట పోయేవారు. చదువురాని వాళ్లకు ఉత్తరాలు రాసిపెట్టేవారు. ఇవన్నీ చూసి మా మామగారు, "ఊరి బరువంతా నీ నెత్తినే ఉందా?" అని విసుక్కునేవారు. ఆయన చెడ్డమనిషి కాదండీ. ఆమె అంటే ప్రాణం. తిరునాళ్లకు పోతే ఆమెకు గాజులు తేకుండా ఇంటికి వచ్చేవారు కాదు. కానీ మనిషిని ప్రేమించడం వేరు, ఆ మనిషి చేసే పనిని కళ్లారా చూడడం వేరు.

2009లో ఆమె పోయారు. పెద్దకర్మ రోజు భోజనాలు అవుతుండగా ఒకావిడ గేటు దగ్గర నిలబడి లోపలికి రావడానికి మొహమాటపడుతోంది. నేను పిలిచాను. వచ్చి మామగారి ముందు పైట కొంగు ముడి విప్పి, నలిగిన నోట్లు రెండు వందలు ఆయన చేతిలో పెట్టింది.

"అయ్యా, నా బిడ్డ పదో తరగతి ఫీజుకి అమ్మ ఇచ్చింది. తీరుస్తాం తీరుస్తాం అనుకుంటానే ఉంటిమి, ఇంతలోకే ఎల్లిపోయింది. ఆ బిడ్డ ఇప్పుడు నర్సు చదవతా ఉంది" అని ఏడ్చింది. ఏడుస్తూనే ఇంకో సంగతి చెప్పింది. 1984 నవంబరులో వచ్చిన పెద్ద గాలివానకు వాళ్ల గుడిసెలు ఎగిరిపోతే, మా అత్తగారు పంచలో మూడు రాళ్ల పొయ్యి పెట్టి, తడిసిన కట్టెలతో కుస్తీపడి, మూడు రోజులు వాళ్లందరికీ గంజి కాచి పోశారట. ఆ రోజుల్లో మామగారు పొలం సంగతి చూసుకోవడంలో మునిగిపోయి ఉన్నారు.

ఆయన ఆ నోట్లు పట్టుకుని చాలాసేపు అలానే కూర్చున్నారు. తర్వాత నా వైపు తిరిగి, "ఏం అమ్మణ్ణీ, ఇదంతా నీకు తెలుసునా?" అన్నారు. ఆమె వెన్న కాచి నెయ్యి అమ్మిన డబ్బు విడిగా ఒక డబ్బాలో దాచేవారని నాకు తెలుసు. ఆ డబ్బు ఎక్కడికి పోయేదో నేనూ ఏనాడూ అడగలేదు. "తెలీదు మామయ్యా" అన్నాను. ఆ మాట అన్నందుకు ఈ రోజుకీ సిగ్గుగానే ఉంటుంది. ఏడెనిమిదేళ్లు ఒకే పొయ్యి దగ్గర నిలబడ్డాం ఇద్దరం.

పొట్లపూడి కోడలు

మా అత్తగారు పోయాక ఒకసారి పల్లిపాడు ఆశ్రమానికి వెళ్లాను. నెల్లూరు నుంచి మైపాడు సముద్రానికి పోయేవాళ్లు ఇందుకూరుపేట మండలం మీదుగానే పోతారు. పల్లిపాడు ఆ మండలంలోనే, పెన్న ఒడ్డున ఉంది. పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం అంటే మా జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. 1921 ఏప్రిల్ 7న గాంధీగారు స్వయంగా వచ్చి ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావుగారు, చతుర్వేదుల కృష్ణయ్యగారు దాన్ని నడిపినవారు. ఆ ఆశ్రమానికి పదమూడెకరాల నేల ఇచ్చింది ఒక ఇల్లాలు. ఆమే పొణకా కనకమ్మగారు.

కనకమ్మగారు 1892 జూన్ 10న మినగల్లులో పుట్టారు. పసితనంలోనే పొట్లపూడి పొణకా సుబ్బరామిరెడ్డిగారికిచ్చి పెళ్లి చేశారు. బడి చదువు లేదు. పెద్దింటి ఆడవాళ్లు గడప దాటడమే గగనమైన రోజులవి. ఆమె ఇంట్లోనే కూర్చుని తెలుగు, సంస్కృతం, హిందీ నేర్చుకున్నారు. ఊళ్లో సుజనరంజనీ సమాజం పెట్టారు, గ్రంథాలయం పెట్టారు. పద్యాలు, వ్యాసాలు రాశారు. ద్రోణంరాజు లక్ష్మీబాయమ్మగారితో కలిసి జంటగా కవిత్వం చెప్పారు.

1930లో ఉప్పు సత్యాగ్రహం మా మైపాడు తీరానికి కూడా వచ్చింది. మనం పిల్లల్ని తీసుకుని సరదాగా కాళ్లు తడుపుకోను పోతామే, ఆ ఒడ్డే! ఆ ఉద్యమ కాలంలో కనకమ్మగారు జైలుకు పోయారు. అన్నీ కలిపి ఏడాదికి పైనే జైల్లో గడిపారు. ఒక్కగానొక్క కూతురు వెంకటసుబ్బమ్మ చిన్న వయసులోనే పోయింది. ఆ కడుపుకోత తర్వాత ఆమె మనసు అరుణాచలం రమణ మహర్షి వైపు మళ్లింది. అయినా చేపట్టిన పని మాత్రం వదల్లేదు. ఆ పనుల్లో పెద్దది ఆడపిల్లల బడి.

బతికున్న మనిషి పేరు

నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయం ఉంది. మా వైపు ఎంతోమంది అమ్మమ్మలు అక్కడే ఓనమాలు దిద్దారు. దాన్ని కనకమ్మగారు 1923లో మొదలుపెట్టారు. 1929లో గాంధీగారు ఆంధ్రదేశం తిరిగినప్పుడు నెల్లూరు వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశారు.

ఇప్పుడు ఆ పేరు ఒకసారి చూడండి. కస్తూరిదేవి అంటే కస్తూరిబా గాంధీ. ఆమె పోయింది 1944లో. బడికి పేరు పెట్టింది 1923లో. అంటే ఆమె బతికుండగానే, ఇరవయ్యొక్కేళ్ల ముందే, ఇంత దూరాన నెల్లూరులో ఒక తెలుగు ఇల్లాలు ఆమె పేరు తలుచుకుని ఆడపిల్లల బడికి పెట్టుకుంది! అప్పటికి కస్తూరిబాకు 54 ఏళ్లు. గాంధీగారు ఎరవాడ జైల్లో ఉన్నారు. ఆయన పేరే పెట్టి ఉండవచ్చు. దేశమంతా ఆయన పేరే మోగుతున్న కాలం. కానీ కనకమ్మగారు ఆయన భార్యను చూశారు. ఆడదాని సేవ ఇంకో ఆడదానికి కనబడింది అనిపిస్తుంది నాకు. మేం ఒకే ఇంట్లో ఉండి చూడలేనిది ఆమె అంత దూరం నుంచి చూశారు.

ఆయనకు తెలియడానికి పట్టిన కాలం

అలాగని కస్తూరిబా కాపురం పూలబాట అనుకోకండి. ఆమె 1869లో పోరుబందరులో పుట్టారు. ఇద్దరికీ చిన్న వయసులోనే పెళ్లయింది. దక్షిణాఫ్రికాలో ఉండగా, ఇంట్లో ఉండే గుమాస్తా మూత్రపు కుండ తీసి కడగాలన్న దగ్గర గొడవ వచ్చి, గాంధీగారు ఆమెను చెయ్యిపట్టి గేటు దాకా ఈడ్చుకుపోయారు. ఈ సంగతి ఎవరో గిట్టనివాళ్లు రాసింది కాదు. ఆయనే తన ఆత్మకథలో సిగ్గుపడుతూ రాసుకున్నారు. ఊరికి ఉపకారం చేసే మగవాడికి కూడా ఇంట్లో మనిషి మనసు తెలియడానికి ఏళ్లు పడుతుందన్నమాట!

1913లో దక్షిణాఫ్రికాలో ఒక కోర్టు తీర్పు వల్ల మన పద్ధతిలో జరిగిన పెళ్లిళ్లు చెల్లకుండా పోయే పరిస్థితి వచ్చింది. అంటే కాపురం చేస్తున్న భార్యలందరూ భార్యలు కాకుండా పోతారు. అప్పుడు కస్తూరిబా కొంతమంది ఆడవాళ్లతో కలిసి సత్యాగ్రహంలోకి దిగి, మూడు నెలలు కఠిన శిక్ష అనుభవించారు.

1917లో బీహారు చంపారన్ పల్లెల్లో ఆమె ఆడవాళ్ల దగ్గరకు పోయి శుభ్రత గురించి చెప్పేవారు. ఒకామె బట్టలు మురికిగా ఉంటే ఎందుకు ఉతుక్కోలేదని అడిగారు. ఆమె కస్తూరిబాను గుడిసెలోకి తీసుకుపోయి, చూడమ్మా, ఇక్కడ పెట్టె లేదు, బీరువా లేదు, నాకున్నది ఒంటి మీది ఈ చీర ఒక్కటే, ఇది ఉతికితే ఏం కట్టుకోను అని అడిగిందట. ఇదీ గాంధీగారు ఆత్మకథలో రాశారు. ఆలోచించండి, ఆ గుడిసె లోపలి మాట మగవాళ్లకు చెబుతుందా ఆమె? ఒక ఇల్లాలు పోబట్టే ఆ తలుపు తెరుచుకుంది. సేవలో ఆడవాళ్లు చేసే అసలు పని చాలాసార్లు ఇలా నాలుగు గోడల మధ్యనే జరుగుతుంది. అందుకే లెక్కలోకి రాదు.

1942 ఆగస్టులో మళ్లీ అరెస్టు. పూనాలో ఆగాఖాన్ భవనంలో నిర్బంధం. అక్కడే 1944 ఫిబ్రవరి 22న, శివరాత్రి నాడు, భర్త ఒళ్లో కన్నుమూశారు. ఆయన తన చేత్తో వడికిన నూలుతో నేసిన చీరే కట్టి ఆమెను సాగనంపారు. ఆ తర్వాత నిర్బంధంలో ఉన్నన్నాళ్లూ ఆయన ఆమె సమాధి దగ్గరకు పూలు తీసుకుపోయేవారు. అహింస అంటే ఏమిటో తనకు నేర్పింది భార్యేనని ఆయన ఒప్పుకున్నారు.

ఆమె జ్ఞాపకార్థం దేశమంతా చందాలు పోగుచేశారు. 75 లక్షలు అనుకుంటే కోటి రూపాయలు దాటింది. ఆ డబ్బుతో విగ్రహాలు పెట్టలేదు. పల్లెల్లోని ఆడవాళ్ల కోసం, పిల్లల కోసం ఖర్చు పెట్టాలన్నారు. అలా కస్తూరిబా గాంధీ జాతీయ స్మారక ట్రస్టు ఏర్పడింది. ఆమె పేరుతోనే 2004లో మొదలైన కస్తూరిబా బాలికా విద్యాలయాలు ఇప్పుడు మన మండలాల్లో కనబడుతున్నాయి. మనిషి పోయాక గుర్తుపెట్టుకునే పద్ధతుల్లో ఇంతకు మించింది నాకు తెలియదు. ఆమె చేసిన పని ఏదో, దాన్నే ఇంకొకరి చేత చేయించడం.

కలవారికే చెల్లుతుందా?

"ఆమె గాంధీగారి భార్య. ఈమె పెద్దింటి కోడలు. మనలాంటి వాళ్ల సంగతేమిటి?" అని మీరు అనవచ్చు. దానికీ మా జిల్లాలోనే జవాబుంది. 1990ల మొదట్లో అక్షరాలు నేర్చుకోను రాత్రి బడికి పోయిన దూబగుంట ఆడవాళ్లు, వాచకంలో సారా గురించిన పాఠం చదివి, ఇది మన ఇంటి కథే కదా అనుకున్నారు. ఊళ్లో సారా అంగడి మూయించారు. ఆ మాట ఊరూరా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించే దాకా పోయింది. దూబగుంట రోశమ్మగారు కలవారి బిడ్డ కాదు, చదువుకున్న మనిషి కాదు. ఆ ఉద్యమంలో నడిచిన వేలమంది ఇల్లాళ్లలో ఎంతమంది పేర్లు మనకు తెలుసు? ఒక్క రోశమ్మగారి పేరు తెలుసు. మిగతావాళ్ల పేర్లు వాళ్ల ఇళ్లల్లో అయినా చెప్పుకుంటున్నారా?

కనకమ్మగారి సంగతే చూడండి. ఆమె తన జీవితకథ తానే రాసిపెట్టుకున్నారు. 1963 సెప్టెంబరు 15న పోయారు. ఆ కథ "కనకపుష్యరాగం" పేరుతో పుస్తకంగా వచ్చింది 2011లో! అంటే నలభై ఎనిమిదేళ్లు ఆగాల్సి వచ్చింది. బడి పెట్టి, జైలుకు పోయి, కలం పట్టిన మనిషికే అలా జరిగితే, ఉత్తరం ముక్క కూడా మిగల్చని మన అత్తగార్ల సంగతి చెప్పేదేముంది?

మనం చేయగలిగినవి

పెద్ద పెద్ద ట్రస్టులు మనం పెట్టలేం. ఇంట్లో కూర్చుని చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

ఒక నోటుబుక్కు కొనండి. మీ అమ్మనో, అత్తగారినో, వదినగారినో మధ్యాహ్నం తీరిగ్గా ఉన్నప్పుడు కూర్చోబెట్టుకుని అడగండి. ఎవరికి పురుడు పోశారు, ఏ గాలివానలో ఎవరికి చోటిచ్చారు, ఎవరి పెళ్లికి సాయంపోయారు. తేదీ, ఊరు, పేరు రాసిపెట్టండి. "నేనేం చేశానులే" అంటారు. వదలకండి.

పుట్టినరోజుకో పెళ్లిరోజుకో చీర తెస్తారు కదా, దాంతోపాటు ఆమె పేరు మీద ఒక పని చేయండి. ఊరి బడికి నాలుగు పుస్తకాలో, ఒక పేద పిల్లకు ఫీజో. సంవత్సరీకం దాకా ఆగొద్దు. ఆమె చేత్తోనే ఇప్పించండి.

ఆమె సేవకు పోయినప్పుడు ఇంటిపని ఎవరు చేస్తున్నారో చూడండి. పగలంతా ఊరికి చేసి వచ్చి, రాత్రి పదింటికి గిన్నెలు తోముకోవాల్సి వస్తే, మనం ఆమెను మెచ్చుకున్నట్టు కాదు. పొగడ్తకంటే ఒక పూట వంట చేసిపెడితే మేలు.

ఇక ఆమె పోయాక ఫొటోకు దండ వేయండి, తప్పులేదు. కానీ ఆమె చేసే పనుల్లో ఒక్కటైనా ఇంట్లో ఎవరో ఒకరు ఎత్తుకోవాలి. ఏది ఎవరు చేస్తారో పెద్దకర్మ నాడే అనుకుంటే మంచిది, తర్వాత ఎవరి దారి వారిది అయిపోతుంది.

మా మామగారు ఏం చేశారంటే

ఆ మరుసటి ఏడు శివరాత్రి దాటిన రెండో రోజు పొద్దున లేచి చూస్తే, మామగారు వేపచెట్టు కింద ఇసుక పోస్తున్నారు. కుమ్మరి దగ్గర నుంచి రెండు కొత్త కుండలు తెచ్చిపెట్టారు. జన్మలో మజ్జిగ చిలికిన మనిషి కాదు. "అమ్మణ్ణీ, అల్లం దంచి వెయ్యాలా, తరిగి వెయ్యాలా?" అని అడిగారు. దంచి మూటకట్టి వేయాలని చెప్పాను. మొదటి రోజు ఉప్పు తక్కువ. చేపలమ్మే ఆవిడ తాగి, "అయ్యా, అమ్మ మజ్జిగ మాదిరి లేదు" అని నవ్వితే, ఆయన కూడా నవ్వారు. పది రోజులకు చెయ్యి కుదిరింది. ఆ రెండు వందల నోట్లు మాత్రం ఖర్చు పెట్టలేదు, ఆమె నెయ్యి డబ్బా అడుగునే పెట్టారు. ఏటా జూన్ నెలలో అందులో ఇంకొంత వేసి, ఎవరో ఒక ఆడపిల్ల ఫీజు కట్టేవారు. కట్టి వచ్చి ఫొటో ముందు నిలబడి, "కట్టాను" అని చెప్పేవారు. ఆ ఒక్క మాట.

మూడేళ్ల కిందట ఆయనా పోయారు. ఇప్పుడు కుండల పని నాది. ఈమధ్య తట్టలు నెత్తిన పెట్టుకుని వచ్చేవాళ్లు తగ్గి ఆటోల్లో వస్తున్నారు గానీ, వాకిట్లో ఆటో ఆపి తాగిపోతారు.

ఆయన "కట్టాను" అని ఫొటోతో చెబుతున్నప్పుడల్లా నాకు ఒకటే అనిపించేది. ఈ మాట ఆమె వినేటప్పుడు చెప్పి ఉంటే ఎంత బాగుండేది! మీ ఇంట్లో ఇంకా వినే చెవులున్నాయి కదా. ఈ పుస్తకం మడిచి పక్కన పెట్టి, వంటింట్లోకి పోయి, ఆ ఒక్క మాట ఇవాళే చెప్పి రండి.